మెగా డ్రైవ్ దొరికింది, అడాప్టర్ లేదు. ఏది కొనాలి?

భీమిలి_తమ్ముడు
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారింట్లో అటక సర్దుతుంటే సెగా మెగా డ్రైవ్ అనే పాత టీవీ గేమ్ డబ్బా బయటపడింది. 90ల్లో మా చిన్న మావయ్య మస్కట్‌లో పనిచేసినప్పుడు తెచ్చాడు. సెలవులకి వెళ్తే నేనూ మా అక్కా అన్నం కూడా దాని ముందే తినేవాళ్లం. రెండు ప్యాడ్లు, నాలుగు క్యాసెట్లు, టీవీ వైరు అన్నీ పాత దుప్పట్లో చుట్టి భద్రంగా ఉన్నాయి. అడాప్టర్ ఒక్కటే లేదు.

ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఒకటి ఉంది. 12 వోల్టులు, 1 ఆంప్ అని రాసి ఉంది. పిన్ను సరిగ్గా దూరుతోంది, వదులు కూడా లేదు. స్విచ్ వేద్దామనుకుని ఆగిపోయాను. వేయొచ్చా?

కోఠి_రిపేర్లు
వేయకు తమ్ముడూ. ముందు ఆ పిన్ను బయటికి తియ్యి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పిన్ను దూరింది కాబట్టి నీది మొదటి మోడల్ అయ్యుండాలి. పెద్ద నల్ల డబ్బా, ముందు వైపు హెడ్‌ఫోన్ రంధ్రం, పక్కన సౌండ్ పెంచే జరుపుడు మీట ఉంటే అదే. దానికి కావలసింది 9 వోల్టుల డీసీ, సెంటర్ నెగటివ్. అంటే పిన్ను లోపలి భాగం మైనస్, బయటి గొట్టం ప్లస్. నీ రౌటర్‌ది 12 వోల్టులు, పైగా దాదాపు అన్ని రౌటర్లలాగే సెంటర్ పాజిటివ్ అయ్యుంటుంది. రెండూ తప్పే. వోల్టేజీ ఎక్కువైతే వేడెక్కి కొంతసేపటికి పోతుంది. ప్లస్ మైనస్ తిరగబడితే అంత సమయం కూడా ఇవ్వదు. లోపల వోల్టేజీని 5కి దించే 7805 రెగ్యులేటర్లు, కెపాసిటర్లు పోతాయి.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా బల్ల మీదకి చచ్చి వచ్చిన పాత గేమ్ డబ్బాల్లో ఎక్కువ భాగం "పిన్ను దూరింది కదా సార్" అన్న మాటతోనే వచ్చాయి. 5.5 బై 2.1 మిల్లీమీటర్ల పిన్ను ప్రపంచంలో సగం వస్తువులకి ఉంటుంది. అది దూరడం వల్ల తెలిసేది సైజు మాత్రమే. లోపల ఏ కరెంటు వస్తోందో అది చెప్పదు.

భీమిలి_తమ్ముడు
అమ్మో. తీసేశానన్నా. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, పక్కన మీట కూడా ఉంది. మొదటి మోడలే.

మరి సెంటర్ నెగటివ్ అని అడాప్టర్ మీద ఎలా తెలుస్తుంది?

కోఠి_రిపేర్లు
అడాప్టర్ స్టిక్కర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో నల్ల చుక్క, దాని చుట్టూ ఒక పక్క తెరిచిన వంపు గీత. చుక్క నుంచి ఒక గీత, వంపు నుంచి ఒక గీత బయటికి వచ్చి, వాటి చివర ప్లస్, మైనస్ ఉంటాయి. చుక్కకి ఏది కలిసి ఉంటే పిన్ను లోపల అదే. నీకు చుక్కకి మైనస్ కలిసినది కావాలి.

నేను మాత్రం బొమ్మను కూడా నమ్మను. మల్టీమీటర్ డీసీలో పెట్టి ఎర్ర కడ్డీ పిన్ను లోపల, నల్ల కడ్డీ బయట గొట్టానికి ఆనించు. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే సెంటర్ నెగటివ్. మీటర్ మూడు నాలుగు వందలకే వస్తుంది, ఒకటి కొనుక్కో. జీవితాంతం పనికొస్తుంది.

గుంటూరు_క్యాసెట్
ఒక సందేహం. ఇంట్లో 9 వోల్టులు 2 ఆంప్స్ అడాప్టర్ ఉంది. అసలు సెగా అడాప్టర్ 1 ఆంప్ చుట్టుపక్కల కదా. రెండు ఆంప్స్ ఇస్తే ఎక్కువ కరెంటు తోసేసి కాలిపోదా? మా ఊరి ఎలక్ట్రీషియన్ కూడా అంతే అన్నాడు.

కోఠి_రిపేర్లు
ఈ భయం చాలామందికి ఉంది గానీ అవసరం లేదు. వోల్టేజీ అడాప్టర్ ఇస్తుంది, కరెంటు మాత్రం డబ్బా తనకి కావలసినంతే లాక్కుంటుంది. మీ ఇంట్లో గీజర్ సాకెట్ 16 ఆంప్స్‌ది. అందులో ఫోన్ ఛార్జర్ పెడితే ఛార్జర్ కాలిపోతోందా? ఇదీ అంతే. ఆంప్స్ ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువుంటేనే తంటా. జపాన్ మెగా డ్రైవ్ అడాప్టర్ 0.85 ఆంప్స్, అమెరికాది 1.2 ఆంప్స్. మీ 2 ఆంప్స్‌ది, ప్లస్ మైనస్ సరిపోతే, నిక్షేపంగా వాడుకోవచ్చు.

తక్కువైతే ఏమవుతుందో చెప్తాను. బజార్లో ఎలిమినేటర్ అని 3 వోల్టుల నుంచి 12 దాకా స్విచ్ తిప్పుకునేది అమ్ముతారు కదా, అందులో చాలావాటికి 300, 500 మిల్లీ ఆంప్సే సామర్థ్యం. పెట్టిన వెంటనే డబ్బా లైటు వెలుగుతుంది, ఆట మొదలవుతుంది. రెండో లెవెల్‌కి వచ్చేసరికి బొమ్మ వణుకుతుంది, రీసెట్ అవుతుంది. చెయ్యి పెడితే ఎలిమినేటర్ ఇస్త్రీపెట్టెలా కాలుతుంటుంది. డబ్బా పాడైందనుకుని దాన్ని విప్పి గెలికేవాళ్లు ఉన్నారు. లోపం డబ్బాలో లేదు.

రాజమండ్రి_కీబోర్డ్
నేను గేమ్స్ ఆడేవాణ్ణి కాదు గానీ ఈ విషయం నాకు దగ్గరది కాబట్టి రాస్తున్నాను. మా చర్చిలో పదిహేనేళ్లుగా కీబోర్డ్ వాయిస్తున్నాను. పాత కాసియో కీబోర్డులకి ఏడీ-5 అనే అడాప్టర్ వచ్చేది. 9 వోల్టులు, 850 మిల్లీ ఆంప్స్, సెంటర్ నెగటివ్. మీరు చెప్తున్నది అచ్చంగా అదే కదా? సంగీత వాద్యాల షాపులో అడిగితే దానికి బదులుగా పనికొచ్చేవి ఇంకా దొరుకుతాయి.

కోఠి_రిపేర్లు
భలే మాట చెప్పారండి. అచ్చంగా అదే. జపాన్ సెగా అడాప్టర్ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. గిటార్ పెడళ్లకి వాడే అడాప్టర్లు కూడా 9 వోల్టుల సెంటర్ నెగటివే, పిన్ను కూడా ఇదే సైజు. ఎలక్ట్రానిక్స్ కొట్లో సెంటర్ నెగటివ్ అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. సంగీత వాద్యాల కొట్లో "గిటార్ పెడల్‌ది ఇవ్వండి" అంటే ఇట్టే తీసిస్తారు. ఆంప్స్ మాత్రం చూసుకోవాలి. పెడళ్లకి చిన్నవి సరిపోతాయి కాబట్టి 500 మిల్లీ ఆంప్స్‌వి ఎక్కువ. 1 ఆంప్ లేదా అంతకంటే పైది అని అడగాలి.

రాజమండ్రి_కీబోర్డ్
ఒక జాగ్రత్త. కాసియో అని పేరు చూసి కొనకండి. కొత్త కీబోర్డులకి వచ్చేది ఏడీ-ఈ95100ఎల్. అది 9.5 వోల్టులు, సెంటర్ పాజిటివ్. కంపెనీ ఒకటే, లోపల మాత్రం ప్లస్ మైనస్ తారుమారు.

గుంటూరు_క్యాసెట్
మరి మనందరి ఇళ్లలో ఉన్న ఆ చిన్న టీవీ గేమ్ సంగతేంటి? పసుపు క్యాసెట్టు, పైన 9999 ఆటలని రాసి ఉండేది. నా దాని అడుగున స్టిక్కర్ చిరిగిపోయింది. "డీసీ 9" వరకే కనిపిస్తోంది.

కోఠి_రిపేర్లు
అవి నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. జపాన్‌లో 1983లో వచ్చిన అసలు ఫామికామ్‌ది 10 వోల్టులు, 850 మిల్లీ ఆంప్స్, సెంటర్ నెగటివ్. నకళ్లలో మాత్రం ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో లెక్క. కొన్ని నెగటివ్, కొన్ని పాజిటివ్. అందుకే పేరు చూసి చెప్పలేను, డబ్బా విప్పి చూడాలి. కష్టం కాదు, నాలుగు స్క్రూలు.

లోపల మూడు కాళ్లున్న నల్ల ముక్క ఒకటి రేకుకి బిగించి ఉంటుంది. దాని మీద 7805 అని ఉంటుంది. వచ్చిన 9 వోల్టుల్ని 5 చేసేది అదే. దాని మధ్య కాలు, వెనకున్న లోహపు పలక రెండూ గ్రౌండు, అంటే మైనస్. మీటర్‌ని బీప్ శబ్దం వచ్చేచోట పెట్టండి. ఒక కడ్డీ ఆ పలకకి, రెండోది అడాప్టర్ సాకెట్ మధ్యలో ఉన్న సూదికి. బీప్ వస్తే సెంటర్ నెగటివ్. రాకపోతే సాకెట్ బయటి తీగకి ఆనించండి, అక్కడ బీప్ వస్తే సెంటర్ పాజిటివ్. ఇదంతా కరెంటు పెట్టకుండా చెయ్యాలి. రెండు చోట్లా రాకపోతే సాకెట్‌కీ 7805కీ మధ్య నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉందేమో చూడండి. ఉంటే ప్లస్ మైనస్ బెంగ లేదు, ఎటు ఇచ్చినా అదే సరిచేసుకుంటుంది.

గుంటూరు_క్యాసెట్
చేశాను! సూది దగ్గర బీప్ వచ్చింది. ఇన్నాళ్లూ దీనికి సెట్ టాప్ బాక్స్ అడాప్టర్ పెట్టాలని చూస్తున్నాను. ప్రాణం లేచొచ్చింది.

డల్లాస్_తెలుగు
బ్రిడ్జి మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను. ఇక్కడి సెకండ్ హ్యాండ్ షాపులో అమెరికా నింటెండో (ఎన్‌ఈఎస్) కొని, మా అన్నయ్య పిల్లలకి నెల్లూరు పంపించాను. దాంతో వచ్చిన అసలు అడాప్టర్ కూడా పెట్టాను. ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదని అన్నయ్య పిన్ కన్వర్టర్ కొని పెట్టాడు. ఐదు నిమిషాల్లో ప్లాస్టిక్ కాలిన వాసన, అడాప్టర్ ఉబ్బిపోయింది. పిల్లలు ఏడ్చారట. నాదే తప్పు, ముందే చెప్పి ఉండాల్సింది.

అమెరికా అడాప్టర్ 120 వోల్టులకి చేసినది. మన దగ్గర 230. పిన్ కన్వర్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. జపాన్‌వి ఇంకా తక్కువ, 100 వోల్టులకే. ఇంటికి పంపేవాళ్లు అడాప్టర్ వెనక "ఇన్‌పుట్ 100-240" అని ఉందో లేదో చూడండి. లేకపోతే అడాప్టర్ పంపకండి, అక్కడే కొనిపించండి.

కోఠి_రిపేర్లు
అన్నయ్యగారి నింటెండో బాగానే ఉండి ఉంటుంది, ఒకసారి చూడమనండి. ఆ అమెరికా నింటెండోకి ఒక మంచి గుణం ఉంది. దాని అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. డీసీ కాదు, ఏసీ. లోపల డయోడ్ బ్రిడ్జి ఉండి అదే డీసీ చేసుకుంటుంది. కాబట్టి మన దగ్గర దొరికే 9 వోల్టుల డీసీ అడాప్టర్, 1 ఆంప్ పైది, పెట్టినా నడుస్తుంది. ప్లస్ మైనస్ ఎటున్నా పర్వాలేదు.

దీన్ని తిరగేస్తే మాత్రం ప్రమాదం. ఆ నింటెండో ఏసీ అడాప్టర్ పిన్ను మెగా డ్రైవ్ మొదటి మోడల్‌లోనూ చక్కగా దూరుతుంది, ఫామికామ్‌లోనూ దూరుతుంది. వాటికి బ్రిడ్జి లేదు. ఏసీ నేరుగా లోపలికి పోతుంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు అడాప్టర్లు కలిసిపోకుండా చూసుకోవాలి. యూరప్ వైపు అమ్మిన సూపర్ నింటెండో కూడా 9 వోల్టుల ఏసీయే. అమెరికా సూపర్ నింటెండో మాత్రం 10 వోల్టుల డీసీ, దాని పిన్ను వేరే ఆకారం.

డల్లాస్_తెలుగు
ఇప్పుడే అన్నయ్యకి ఫోన్ చేశాను. పారేయలేదట, బీరువా మీద ఉందట. చాలా థాంక్సండీ.

నింటెండో 64 కూడా ఉంది నా దగ్గర. దానికీ ఇలాగే బయట కొనొచ్చా?

కోఠి_రిపేర్లు
దానికి కుదరదు. అది ఒకేసారి 3.3 వోల్టులు, 12 వోల్టులు రెండూ అడుగుతుంది. మామూలు అడాప్టర్ పనికిరాదు. కానీ దాని పవర్ ఇటుక, అంటే అడాప్టర్, వెనక నుంచి ఊడి వస్తుంది కదా, యూరప్ మోడల్ ఇటుక కొని తగిలిస్తే సరిపోతుంది. అది 220-240కి చేసినది, అమెరికా డబ్బాకి కూడా పడుతుంది.

వరంగల్_ఆటగాడు
నా పీఎస్2 (ప్లేస్టేషన్ 2) స్లిమ్ అడాప్టర్ పోయింది. షాపులో 9 వోల్టులు 2 ఆంప్స్ అంటగట్టారు, పిన్ను కోసి అతికించారు. ఎర్ర లైటు వస్తుంది, బటన్ నొక్కితే పచ్చ లైటు వచ్చి డిస్కు తిరగబోయి ఆగిపోతుంది. డిస్కు చదివే లెన్స్ పోయింది, రెండు వేలు అవుతుందన్నారు.

కోఠి_రిపేర్లు
లెన్స్‌కి డబ్బులు ఇవ్వొద్దు, ఆగండి. అడుగున మోడల్ నంబరు 70 వేల సిరీస్ అయితే దానికి 8.5 వోల్టులు, 5.65 ఆంప్స్ కావాలి. మీకిచ్చింది 2 ఆంప్స్. డిస్కు మోటారు లేవగానే వోల్టేజీ కుప్పకూలుతుంది. ముందు సరైన అడాప్టర్‌తో చూడండి, లెన్స్ మాట తర్వాత. దీనికి 7805 లాంటి తట్టుకునే ముక్క ముందు లేదు కాబట్టి వోల్టేజీలో అటూ ఇటూ చెయ్యకూడదు, 8.5 అంటే 8.5 ఇచ్చేదే కొనండి. 90 వేల సిరీస్ స్లిమ్‌లకి ఈ గొడవే లేదు, పవర్ లోపలే ఉంటుంది.

భీమిలి_తమ్ముడు
అన్నా, సంగీతం షాపుకి వెళ్లాను. పెడల్ అడాప్టర్ 500 మిల్లీ ఆంప్స్‌దే ఉంది. పక్క గల్లీలో పాత రకం బరువైనది దొరికింది. 9 వోల్టులు, 1.2 ఆంప్స్, చుక్కకి మైనస్. ఇంటికొచ్చి మీటర్ పెడితే మైనస్ 13.6 చూపిస్తోంది! తొమ్మిది అని రాసి పదమూడున్నర ఇస్తోంది. మోసపోయానా? టెన్షన్‌గా ఉంది, ఇంకా తగిలించలేదు.

కోఠి_రిపేర్లు
మోసపోలేదు. బరువుగా ఉందంటే లోపల రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉందన్నమాట. ఆ రకం ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది, భారం పడగానే దిగుతుంది. సెగావాళ్ల అసలు అడాప్టర్ కూడా అలాగే చూపిస్తుంది. తేలికగా ఉండే కొత్త రకం అడాప్టర్లు మాత్రం ఖాళీగా ఉన్నా 9కి దగ్గరే చూపాలి. అవి 13 చూపిస్తే పారేయాలి.

నిజంగా దిగుతుందో లేదో డబ్బా మీద ప్రయోగం చెయ్యకుండానే చూడొచ్చు. బైక్ మెకానిక్ దగ్గర ఇండికేటర్ బల్బు కొను, 12 వోల్టులు 10 వాట్లది. అడాప్టర్ పిన్నుకి రెండు తీగలు పెట్టి, ఒకటి బల్బు అడుగున బొడిపెకి, ఒకటి పక్కన ఇత్తడికి ఆనించు. బల్బు సుమారు ముప్పావు ఆంప్ తాగుతుంది. వెలుగుతుండగా మీటర్‌లో ఎంతుందో చూడు. 9, 10 మధ్య ఉంటే దిగులు లేదు. బల్బు కాలుతుంది, చేత్తో పట్టుకోకు.

భీమిలి_తమ్ముడు
బల్బు పదిహేను రూపాయలు. మా నాన్న తీగలు పట్టుకుంటే నేను మీటర్ పెట్టాను. వెలగ్గానే 13.6 కాస్తా 10.1కి దిగింది. ఐదు నిమిషాలు ఉంచినా అక్కడే ఉంది.

కోఠి_రిపేర్లు
చాలు. మెగా డ్రైవ్ దాదాపు అంతే లాగుతుంది. ఇది 9కి కొంచెం పైనే ఉంది గానీ 7805లకి ఆ మాత్రం ఫర్వాలేదు.

12 ఎందుకొద్దన్నానో లెక్క కూడా చెప్తాను. 5కి పైన మిగిలిన వోల్టేజీ అంతా వేడిగా పోతుంది. ఒక ఆంప్ లాగితే 9 వోల్టుల మీద 4 వాట్ల వేడి, 12 మీద 7 వాట్లు. గాలి ఆడని ముప్పై ఏళ్ల డబ్బాలో ఆ మూడు వాట్ల తేడా కెపాసిటర్లని ఎండగొట్టేస్తుంది.

రాజమండ్రి_కీబోర్డ్
కొత్త రకం తేలిక అడాప్టర్ కొనేవాళ్లకి నాదొక మాట. చవకవి పెడితే స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తుంది. కీబోర్డ్‌తో పడ్డ బాధ ఇది. రెండు పిన్నులవైతే లోహం ముట్టుకున్నప్పుడు వేళ్లు జిల్లుమంటాయి కూడా. గేమ్‌లోనూ అంతేనా?

కోఠి_రిపేర్లు
అంతేనండి. బొమ్మ మీద అడ్డంగా పాకే గీతలు వస్తాయి. ఆ జిల్లు అడాప్టర్ లోపల మోత తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ నుంచి వస్తుంది. అందుకే టీవీ వైరు తగిలించేటప్పుడు టీవీదీ డబ్బాదీ రెండు ప్లగ్గులూ గోడ నుంచి తీసేయమంటాను. మంచి కంపెనీ అడాప్టర్‌కి ఇంకో రెండొందలు పెట్టండి, డబ్బా విలువ ముందు అదెంత.

గుంటూరు_క్యాసెట్
మెగా డ్రైవ్ రెండో మోడల్‌కి కూడా ఇదే వాడొచ్చా? మా కజిన్ దగ్గర ఉంది.

కోఠి_రిపేర్లు
వాడకూడదు. రెండో మోడల్ 10 వోల్టులు, 0.85 ఆంప్స్, సెంటర్ పాజిటివ్. ఒకే కంపెనీ, ఒకే క్యాసెట్లు, ప్లస్ మైనస్ మాత్రం ఉల్టా. పిన్ను సన్నగా, పసుపు కొసతో ఉంటుంది. షాపులో 4.8 బై 1.7 అని అడగాలి. పాత హెచ్‌పీ, కాంపాక్ లాప్‌టాప్‌లకి అలాంటి పిన్ను ఉండేది. అందుకని లాప్‌టాప్ అడాప్టర్ మాత్రం పెట్టనివ్వకండి, అది 18.5 వోల్టులు. 9 వోల్టుల సెంటర్ పాజిటివ్ అడాప్టర్‌కి ఈ పిన్ను మార్చే చిన్న ముక్క తగిలిస్తే సరి. 10 లేకపోయినా 9తో నడుస్తుంది, 7805కి 7 వోల్టులు దాటితే చాలు.

భీమిలి_తమ్ముడు
ఆన్ చేశాను!

పవర్ మీట జరపగానే ఎర్ర లైటు వెలిగింది. టీవీలో మొదట చుక్కలు, ఛానల్ పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత నీలం రంగులో సెగా అక్షరాలు వచ్చాయి. అక్క హైదరాబాద్‌లో ఉంటుంది, వీడియో కాల్ పెట్టి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రెండో ప్యాడ్ నాది, ముట్టుకోకు" అంది. మస్కట్ మావయ్య ఇప్పుడు కాకినాడలో ఉన్నాడు, ఆదివారం వస్తానన్నాడు.

అరగంట ఆడాక అడాప్టర్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉందంతే. డబ్బా పైన కుడివైపు కొంచెం వేడి తగులుతోంది, చెయ్యి ఆన్చి ఉంచగలుగుతున్నాను. ఇది మామూలేనా అన్నా?

కోఠి_రిపేర్లు
మామూలే. చెయ్యి ఉంచగలుగుతున్నావంటే బాగున్నట్టే. కింద గుడ్డ పరవకు, పైన ఏమీ పెట్టకు. ఆట అయ్యాక అడాప్టర్‌ని గోడ నుంచి కూడా తీసెయ్యి, ట్రాన్స్‌ఫార్మర్ రకం ఊరికే ఉన్నా వేడెక్కుతూనే ఉంటుంది.

ఇంకో చిన్న పని. తెల్ల టేపు ముక్క మీద "మెగా డ్రైవ్ 1, 9 వోల్టులు, లోపల మైనస్" అని రాసి అడాప్టర్ మీద అతికించు. రౌటర్‌ది పక్కనే ఉంటుంది కదా, దాని మీదా రాయి.

భీమిలి_తమ్ముడు
రెండిటి మీదా అతికించాను. రౌటర్‌ది మా నాన్న వేరే గదిలో పెట్టేశాడు.

వరంగల్_ఆటగాడు
కోఠి అన్నా, మోడల్ నంబరు చూశాను, 70 వేల సిరీసే. 8.5 వోల్టులది ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. వచ్చాక డిస్కు తిరిగిందో లేదో ఇక్కడే రాస్తాను.